దొంగల సినిమాలో పొట్టేలు

తెల్లవాళ్ల కాలంలో, నా పెళ్లయిన కొత్తలో, మార్కాపురంలో డేరా సినిమా ఆడుతుంటే మా అత్తను తీసుకుపోయాను. ఇద్దరు తిక్క దొంగలు ఒక నగ కాజేస్తారు. దాన్ని పొట్టేలు మింగేస్తుంది. ఇక ఆ పొట్టేలును వెంటేసుకుని ఊళ్లు తిరగడమే కథ. లావు దొంగ నోరు తెరిస్తే చాలు, డేరా అంతా నవ్వులు. పోలీసు వేషం కట్టినవాడిది మాత్రం ఉత్త అరుపు. పారిపోతున్న దొంగలు మధ్యలో ఆగి పాట ఎత్తుకుంటే నాకు ఒళ్లు మండింది. చివరికి నగ బయటపడింది, దొంగలు జైలుకు పోయారు.

జనమంతా లేచినా మా అత్త లేవలేదు. పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్య బతికిన మనిషి.

"పొట్టేలు ఏమైంది?" అంది.

"ఆట అయిపోయింది, లే అత్తా."

"అంత దూరం తిప్పినారు గదా, ఒక్కడన్నా దానికి నీళ్లు పెట్టినాడా?"

మర్నాడు ఒడి నిండా తుమ్మకాయలు పోసుకుని డేరాకు బయలుదేరింది. అది తెర మీది బొమ్మేనని ఎంత చెప్పినా వినలేదు.

"ఈ పొద్దు గూడా ఆట ఉంది గదా? పాపం, అది మళ్లీ తిరగాల."

టికెట్లిచ్చే అతను ఆమె మాటలన్నీ విన్నాడు. నవ్వకుండా తువ్వాలు పరిచి కాయలు పోయించుకున్నాడు.

"పొద్దున నీళ్లు తాగింది పెద్దమ్మా. ఇవి నేనే పెడతా."

సినిమాలో పోలీసు నటనకు వంక పెట్టిన నేను, అతని నటనకు మాత్రం ఇప్పటికీ పెట్టలేను.