రుమాలు వేసిన కుర్చీ

మొన్న ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా రెండున్నరకు మా అన్నయ్య మనవరాలు టీవీలో ఒక సినిమా పెట్టింది. అన్నీ లెక్క ప్రకారం చేసే ఒక అమ్మాయి, దేనికీ లెక్క లేని ఇంకో అమ్మాయిని ప్రేమిస్తుంది. చూస్తూ చూస్తూ నా పక్కన సోఫాలో ఖాళీగా ఉన్న చోట రుమాలు వేశాను. ఎందుకో మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. సినిమా హాల్లో ఆడవాళ్ళ వైపు రుమాలు పడ్డ కుర్చీని ఎవరూ ముట్టుకునేవారు కాదు.

1969లో నేను తెనాలిలో లెక్కల టీచరును. రేపల్లెలో ఉండే మా మేనమామ కూతురు, నాకు వదిన, ప్రతి శనివారం మ్యాట్నీకి రైల్లో వచ్చేది, అదీ ఆలస్యంగా, సగం అల్లిన జడతో, చెప్పుల నిండా బురదతో, నవ్వుకుంటూ. ఆమెను నేను ప్రేమించాను. ఈ వాక్యం రాయడానికి యాభై ఏళ్ళు పైనే పట్టింది. ఆమె బాపట్లలో ఉద్యోగం సంపాదించి, రెండు గదుల వాటా మాట్లాడుకుని, నన్నూ వచ్చెయ్యమంది. ఆగస్టు రెండు, శనివారం, మ్యాట్నీ చూసి అటునుంచే బాపట్ల బండి ఎక్కాలని అనుకున్నాం.

"ఇంటర్వెల్ దాకే వదినా రుమాలు. అప్పటికీ రాకపోతే నీకు మనసు లేదనుకుంటాను" అన్నాను.

"గడియారం మింగి పుట్టావేంటే మరదలా. నువ్వు రుమాలు తీసేసినా వచ్చి కూర్చుంటాలే" అంది.

ఆమె రాలేదు. నాలుగూ పదికి ఇంటర్వెల్ ముగిసి దీపాలు ఆరుతుండగా రుమాలు తీసి మడిచాను. మనిషి కూర్చుంటే తప్ప కిందికి దిగని ఆ స్ప్రింగు కుర్చీ మెల్లగా దిగి, అలాగే ఉండిపోయింది. తడి బురద వాసన వచ్చింది. నా మోచేతి దగ్గర గాజులు ఒకసారి కదిలాయి. గడువు దాటి వచ్చిందన్న పంతంతో నేను తల తిప్పలేదు. ఐదూ ఇరవైకి దీపాలు వెలిగేసరికి కుర్చీ పైకి మడుచుకుని ఉంది. నేను స్టేషనుకు వెళ్ళకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు తెలిసింది, పట్టాల మీదికి వాననీళ్ళు వచ్చి రేపల్లె బండి వేమూరు దగ్గర ఆగిపోయిందని, తెనాలి చేరేసరికి పావుతక్కువ ఆరయిందని. నాలుగో రోజున బాపట్ల నుంచి ఉత్తరం వచ్చింది. "ఆట అయ్యేదాకా నీ పక్కనే కూర్చున్నాను. ఒక్కసారైనా నా వైపు చూడలేదేంటే?" అని, అంతే. నేను రాసిన పదకొండు ఉత్తరాలకు జవాబు రాలేదు. ఆ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు సీట్లు ఫోనులోనే దొరుకుతాయి, రుమాలుతో పని లేదు. తెర మీది అమ్మాయిలు మనసులో మాట రెండు గంటల లోపే చెప్పేసుకున్నారు. మొన్న మాత్రం సినిమా అవ్వకముందే తల తిప్పాను. ఎవరూ లేని చోట మెత్త కుంగి ఉంది, రుమాలు తడిగా ఉంది.

పోయినవి: తెనాలిలో ఆ హాలు, బాపట్లలో రెండు గదులు, నేను పక్కకు చూడని ఒక గంటా పది నిమిషాలు, ఒక వదిన.