ఆ వేళ గాలి లేదు

కొన్నేళ్లుగా నేనొక మెచ్చుకోలును మోస్తున్నాను. నింద అయితే ఇంత బరువుండేది కాదేమో. నింద పడితే ఏడవొచ్చు, కాదనొచ్చు. మెచ్చుకోలు నుంచి ఎటు పారిపోవాలి?

మా వదిన ఏ పేరంటంలో కూర్చున్నా నన్ను చూపించి ఒకటే మాట చెబుతుంది. "దీనికి నోట్లో నాలుక లేదంటారుగానీ, ఆ రోజు పడవలో నాకోసం నోరు తెరిచింది ఇదొక్కతే." అందరూ నావైపు చూస్తారు. నేను తల దించుకుంటాను. అది కూడా నా అణకువే అనుకుంటారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అన్నయ్యకు పెళ్లయ్యాక వచ్చిన మొదటి వేసవి. యానాం దగ్గరి ఒక రేవులో అన్నయ్య, అతని స్నేహితులు ఒక తెరచాప పడవను రోజంతటికీ మాట్లాడారు. పొద్దున్నే పాటు మీద, నీళ్లు సముద్రంలోకి లాగే వేళ, ఏటి వాలుకు దిగి, సముద్రం కనిపించే చోట భోజనాలు చేసి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తెరచాప ఎత్తుకుని తిరిగి రావాలని. ఆడవాళ్లం ఇద్దరమే, వదిన, నేను.

పడవ సత్తియ్యది. ఎక్కేముందు అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. అందరూ ఒక్కసారే ఒక పక్కకి రాకూడదు. తెరచాప తిరిగేటప్పుడు తల వంచాలి. ఈత రానివాళ్లు లారీ ట్యూబుల పక్కనే కూర్చోవాలి. తలమీద తడిగుడ్డ వేసుకోవాలి, దాహం లేకపోయినా మజ్జిగ తాగుతూ ఉండాలి. చివర్లో మా ఇద్దరికేసి తిరిగి గొంతు తగ్గించాడు.

"ఒడ్డుకెళ్లాల్సొస్తే మొహమాటపడకండమ్మా. ఒక్క మాట చెప్పండి. గాలి లేకపోయినా గెడేసి నెట్టుకుంటూ ఒడ్డుకి చేరుస్తాను."

వదిన, నేను ఎటో చూశాం.

వెళ్లడం బాగానే వెళ్లాం. తిరుగు ప్రయాణంలో గాలి రాలేదు. పడవ ఏటి నడుమ కదలీ కదలకుండా ఉండిపోయింది. తెరచాప నడిమి స్తంభం నుంచి పరదాలా వేలాడుతోంది. దానికి అవతల, చుక్కాని దగ్గర, సత్తియ్య చుట్టూ మగవాళ్లు పేకాడుతున్నారు. ఇవతల మేమిద్దరం. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"చిట్టీ, ఇంక ఆపుకోవడం నావల్ల కావట్లేదే. మీ అన్నయ్య చుట్టూ అంతమంది. నువ్వెళ్లి సత్తియ్యని అడిగిరావా?"

లేచాను. తెరచాప దాకా వెళ్లాను. అవతల ఎవరో ఏదో అంటే అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నేను కనిపించగానే ఆ నవ్వు ఆగుతుంది. అన్ని మొహాలూ నావైపు తిరుగుతాయి. అప్పుడు నేను ఏమని చెప్పాలి? లైబ్రరీ నుంచి తెచ్చుకుని ఎవరికీ తెలియకుండా అన్ని నవలలు చదివినదాన్ని, ఆ ఒక్క అవసరానికి నాకొక మాట దొరకలేదు. మనసులో ఒక వాక్యం కట్టుకున్నాను, విప్పేశాను, మళ్లీ కట్టుకున్నాను. తడి గుడ్డ వాసన వేస్తున్న ఆ తెరచాప చాటున కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశాను.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నాడే?"

"ఒడ్డంతా బురదంట వదినా. దిగబడిపోతారంట. రేవు దాకా ఓర్చుకోమన్నాడు."

సిగ్గు వల్ల అడగలేకపోయానని చాలాకాలం నన్ను నేను క్షమించుకోబోయాను. కానీ అబద్ధం చెప్పేటప్పుడు ఆ సిగ్గు ఏమైంది? ఒక్క తడబాటు లేకుండా చెప్పాను. బురద నేనే కల్పించాను.

ఆ తర్వాత వదిన మజ్జిగ ముట్టలేదు, మంచినీళ్లు ముట్టలేదు. ఎండ మండిపోతోంది. ఎటు చూసినా నీళ్లే. దిగడానికి చోటు లేదు, దాక్కోవడానికి చోటు లేదు. ఆమె గోళ్లు నా చేతిలో దిగుతున్నాయి. అప్పుడైనా లేవొచ్చు కదా? లేస్తే మొదటి మాట అబద్ధమని తేలిపోతుంది. కూర్చున్నాను.

పొద్దు వాలి, పోటు నీళ్లు పడవను మెల్లగా ఎగువకు తోసి, రేవు కనిపిస్తుండగా ఆమె ఓర్పు అయిపోయింది. తడిసిన చీర ఎవరికీ తెలియకూడదని చెంబుతో ఏటి నీళ్లు తోడుకుని గబగబా ఒంటిమీద గుమ్మరించుకుంది. "చెల్లెమ్మగారు పడవలోనే గోదారి స్నానం కానిచ్చేశారు" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది.

రేవులో దిగాక వణుకుతూ అన్నయ్యకు చెప్పింది. అన్నయ్య వెనక్కి తిరిగాడు.

"ఏవయ్యా, ఆడపిల్ల వచ్చి ఒడ్డుకి తీసుకెళ్లమంటే బురదని చెప్పి ఓర్చుకోమంటావా?"

"నాకెవరు చెప్పారండీ..." అంటూ సత్తియ్య నావైపు చూసి ఆగిపోయాడు. నా మొహంలో అతనికి ఏం కనిపించిందో. "అమ్మాయిగారు అడిగే ఉంటారండి. గాలి హోరులో నాకినపడలేదేమో."

"గాలెక్కడిదయ్యా? గాలి లేకే కదా ఇంతసేపూ నీళ్లమీద పడున్నాం. అయినా, వినపడనోడివి బురదని ఎలా చెప్పావు?"

సత్తియ్య వెళ్లి తెరచాప దించడం మొదలుపెట్టాడు. నన్ను కాపాడబోయి అందరి ముందూ తనే అబద్ధాలకోరు అయ్యాడు. నేను చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను.

వదినకు చలిజ్వరం పట్టుకుంది. కిడ్నీలకు సోకిందన్నారు. కాకినాడ ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించారు. ఇప్పటికీ ఎండలు ముదిరితే ఆ నొప్పి తిరగబెడుతుంది. అన్నయ్య ఊరంతా చెప్పాడు, ఆ పడవ ఎక్కొద్దని. సత్తియ్య ఇప్పుడు కుటుంబాలను ఎక్కించుకోవడం లేదట, కొబ్బరికాయలే వేస్తున్నాడట. మావల్లేనా? నేను ఎవరినీ అడగలేదు. అడగకపోవడం నాకు అలవాటే.

ఆ రోజు డైరీలో కూడా 'అడిగాను' అనే రాసుకున్నాను. ఎవరూ చదవని డైరీలో ఎవరికోసం ఆ అబద్ధం?

ఆదివారం వదిన చెల్లెలు వాళ్లు వస్తున్నారు. వేసవికి పడవ మాట్లాడుకుంటారట. జాగ్రత్తలు చిట్టినడిగి తెలుసుకోండి, సత్తియ్య పడవ మాత్రం వద్దు అందట వదిన. తడిగుడ్డ గురించి చెబుతాను. తెరచాప తిరిగేటప్పుడు తల వంచమని చెబుతాను. ఆడవాళ్లను పక్కకు పిలిచి, ఒడ్డుకెళ్లాల్సొస్తే మొహమాటపడొద్దని, అతని మాటే అతని పేరు లేకుండా చెబుతాను. అప్పుడు వదిన నా భుజంమీద చెయ్యేసి తన మాట మొదలుపెడుతుంది.

ఆ క్షణంలో నోరు తెరుస్తానా? తెరుస్తానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు.

ఇక్కడ మాత్రం రాస్తున్నాను. సత్తియ్య ఓర్చుకోమనలేదు. ఒడ్డున బురద ఉందో లేదో కూడా నాకు తెలియదు. నేను అడగలేదు.