హార్బర్ లోపల ఒక్క రౌండు

మా చిన్నాన్న తన బోటుకి కొత్తగా పెట్టించిన ఫిష్ ఫైండర్‌ని సరిచేయమని ఈ సాయంత్రం నన్ను ఫిషింగ్ హార్బర్‌కి పిలిచాడు. బోటుకి రెండు పక్కలా నీళ్ళ అడుగును బొమ్మగా చూపించే యంత్రం అది. దాని ఇంగ్లీషు పుస్తకం చదవగలిగేది మా ఇంట్లో నేనొక్కదాన్నే. కానీ కట్టేసి ఉన్న బోటులో ఎన్ని బటన్లు నొక్కినా తెర మీద గీతలే వచ్చాయి.

"ఏటే, బొమ్మ రాదేటి?"

"బోటు కదిల్తేనే వస్తాది సిన్నాన్నా."

మా వాళ్ళు చేపల వేట బోటు మీద ఆడపిల్లను తీసుకెళ్ళరు. చిన్నాన్న అటూ ఇటూ చూసి, "హార్బర్ దాటను. లోపలే ఒక్క రౌండు," అని తాడు విప్పాడు.

నా జీవితంలో అదే మొదటి బోటు ప్రయాణం. చూపించే దూరం తగ్గించి, సెన్సిటివిటీ కాస్త పెంచాను. బురదలో కూరుకున్న పాత టైరు, దాని నీడ తెర మీద తేటగా కనిపించాయి. ఎదురుగా హార్బర్ దారి, దాని అవతల సముద్రం.

"ఇంకొంచెం ముందుకి పోనీ సిన్నాన్నా. లోతులో కూడా సూడాలి."

"కుదిరిపోనాది గదా, ఇంకేటి? దిగిపోదువుగాని," అని బోటు తిప్పేశాడు.

చీకటి పడుతుండగా నన్ను గట్టు మీద దింపి, చిన్నాన్న తన బోటు మనుషులతో వేటకు వెళ్ళిపోయాడు. బోటు దీపం కనిపించినంతసేపూ గట్టు మీద ఒక్కదాన్నే నిలబడ్డాను. నేను కుదిర్చిన తెరలో ఇప్పుడు వాళ్ళు సముద్రం అడుగు చూస్తుంటారు.

అంత తొందరగా కుదర్చకుండా ఉండాల్సింది. మీరైతే ఇంకాసేపు బొమ్మ రానట్టు నటించేవారా?