ఓబులమ్మక్క దిగిన మగ్గం గుంతలు

మొన్నటి వానకు, నేనిప్పుడుంటున్న హిందూపురంలో మా పక్కింటి సంపులోకి వీధి నీళ్లు చేరాయి. పొద్దున్నే ఆ ఇంటి తల్లీకూతుళ్లు బకెట్లతో తోడి బయటికి గుమ్మరిస్తున్నారు. నీళ్లు నేలకు కొట్టే చప్పుడు, దాంతోపాటు గుప్పున వచ్చిన పాచి బురద వాసన. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వసారాలో అలాగే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు ధర్మవరం గుర్తుకొస్తుంది. ధర్మవరం గుర్తుకొస్తే ఓబులమ్మక్క గుర్తుకు రాకుండా ఉండదు.

యాభైల చివర్లో నేను పెనుకొండ నుంచి ధర్మవరానికి కోడలిగా వెళ్లాను. మా వీధిలో ఇంటింటికీ మగ్గం. ఇంటి నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు వదిలి కూర్చుని మగవాళ్లు పట్టుచీరలు నేసేవారు. ఆడవాళ్లం పట్టు చుట్టేవాళ్లం, తెగిన పోగులు అతికేవాళ్లం. గుంతలోకి మాత్రం దిగేవాళ్లం కాదు. ఓబులమ్మక్క మా ఎదురింటావిడ. భర్త పోయాక నలుగురిళ్లలో పట్టు చుట్టి బతికేది. ఆమె నోటికి వీధంతా జంకేది. పక్కింటి నాగలక్ష్మమ్మతో గోడ తగాదా వచ్చి ఏళ్ల తరబడి మాటల్లేవు. నేనేమో పిలిస్తే పలకడానికే సిగ్గుపడే మనిషిని. ఒకసారి బావి దగ్గర ఎవరో నన్ను తోసుకుని ముందుకు పోతే ఊరుకున్నాను. అది చూసి, "ఏమ్మే రత్నా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుండావా? నీ వంతని నువ్వు చెప్పకపోతే ఇంకెవురు చెప్తారు?" అని అందరి ముందూ కసిరింది. ఆ రోజు ఆమె మీద కోపమే వచ్చింది నాకు.

పెళ్లయిన రెండో ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఒక మధ్యాహ్నం ఊరి పైనున్న కుంట తెగి, వంక నీళ్లు మా వీధి మీద పడ్డాయి. మా ఆయన నేసిన చీరలు అప్పగించడానికి హిందూపురం పోయి ఉన్నాడు. ఇంట్లో నేనూ, కళ్లు కనబడని మా అత్తా. మగ్గం మీద సగం నేసిన చీర, దాని వెనక ఇంకా నేయవలసిన పట్టు పడుగు పోగులు. ఆ పట్టు మాది కాదు, షావుకారుది. మోకాటి లోతు నీళ్లలో ఓబులమ్మక్క కొడవలి పట్టుకుని వచ్చింది.

"పడుగు కొయ్యి మ్మే! గుంత నిండిందంటే పట్టంతా బురదైపోతాది."

"మగ్గం మీద పడుగు కోస్తే కీడంటారు కదక్కా. ఆయనొచ్చి ఏమంటాడో..."

"కీడు గడప దాటి ఇంట్లోకే వచ్చుండాది. ఇంకేమొస్తాది? కొయ్యి. మీ ఆయన అడిగితే ఓబులమ్మ కొయ్యమనిందని చెప్పు."

కొడవలి అందుకుని కోశాను. పట్టు చుట్టి అటక మీదికి ఎక్కించి, అత్తను పట్టుకుని మిట్టనున్న బడికి చేరాం. అక్క మాత్రం కేకలేస్తూ ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. సాయంత్రానికి ఆమె గొంతు పూర్తిగా పోయింది.

నీళ్లు తగ్గాక చూస్తే మట్టిగోడలు కూలాయి. గుంతలన్నీ బురదతో నిండాయి. మగవాళ్లు చావడి దగ్గర కూర్చుని బెంగళూరుకు కూలికి పోదామనుకున్నారు. పిల్లల ఆకలి చూసినవాళ్లెవరూ ఆ మాటను తప్పు పట్టలేరు. కానీ ఇల్లు వదిలి పోయినవాళ్లు మళ్లీ రారనీ, వీధే లేకుండా పోతుందనీ అక్క భయం. ఆడవాళ్లందరినీ బడి ముందు పోగు చేసింది.

"ఎవురి గుంత వాళ్లు తోడుకుంటా కూర్చుంటే ఎప్పటికయ్యేను? అందరమూ ఒకే ఇంట్లోకి దిగుదాం. ఒక మగ్గం ఆడితే మొగోళ్లకు ధైర్యమొస్తాది."

"ముందు ఎవరింట్లోకక్కా?" అని అడిగాం.

"నాగలచ్చుమ్మ ఇంట్లోకి."

ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మేం చీరలు బిగించి వెళ్తుంటే వీధి పెద్ద చిన్నప్పయ్య అడ్డం వచ్చాడు. "ఆడోళ్లు మగ్గం గుంతలో దిగేది యాడన్నా ఉండాదా?" అన్నాడు. అక్క నిలబడకుండానే జవాబిచ్చింది: "నీళ్లు దిగినాయి గదప్పా, వాటినేమన్నా అడిగినావా?" ఆయనకే నవ్వొచ్చింది. నాగలక్ష్మమ్మ గడపలో నిలబడి మమ్మల్ని చూసింది. లోపలికి పోయి తనే తట్ట తెచ్చి ఓబులమ్మక్క చేతికి అందించింది.

ఆ గుంతలో దిగినవాళ్లలో నేనూ ఉన్నాను. నడుము దాకా బురద, తలల మీదుగా తట్టలు చేతులు మారుతున్నాయి. మా ఆయన తిరిగొచ్చి, తెగిన పడుగు చూసి తల పట్టుకున్నాడు. "మూట కట్టు, బెంగళూరు పోదాం" అన్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను. "నువ్వు పోతే పో. నేను రాను. రేపు మన గుంతలో దిగుతాండాము." మర్నాడు పొద్దున ఆయన గోడకు మట్టి తొక్కుతూ కనిపించాడు.

కోసిన పడుగులను ఎండబెట్టి, బడి వసారాలో వరసగా కూర్చుని పోగు పోగూ అతికాం. నాగలక్ష్మమ్మ ఇంట్లో మగ్గం ఆడిన రోజు వీధంతా ఆ చప్పుడు విన్నది. కొన్ని కుటుంబాలు అప్పటికే వెళ్లిపోయాయి, వాళ్లు తిరిగి రాలేదు. మిగిలినవాళ్లం నిలబడ్డాం. ఆ వీధిలో ఇప్పటికీ చీరలు నేస్తున్నారు.

తర్వాత ఒకసారి అడిగాను, ముందు ఆ ఇల్లే ఎందుకని. "పొత్తున్నోళ్ల ఇంటికి ఎవురైనా పోతారు మ్మే. మాటల్లేని ఇంటికి నేను పోతేనే గదా, నన్ను చూసి తక్కినోళ్లు పొరపొచ్చాలు పక్కన పెట్టేది" అంది. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ మళ్లీ ఆ గోడ దగ్గర కొట్లాడుకున్నారు. అది వేరే సంగతి.

ఓబులమ్మక్క పోయి చాలా కాలమైంది. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. నేను నలుగురిలో లేచి నా మాట చెప్పగలిగిన ప్రతిసారీ అది ఆమె పెట్టిన నోరేనని గర్వంగా అనుకుంటాను. ఇక్కడ మా వీధికి ఏ కష్టమొచ్చినా నేను మొదట తట్టేది నాతో మాటల్లేనివాళ్ల తలుపే. తట్టేముందు ఇప్పటికీ వెనక్కి తిరిగి పోదామనిపిస్తుంది. అయినా తడతాను.