గాజుల చెయ్యి

స్నేహితురాలి పెళ్లికి కాకినాడ నుంచి ఆదోని వెళ్లాను. పెళ్లయిన మూడో రోజు, ఆమె పంపితే, వీడియో తీసిన మస్తాన్ గారి దుకాణానికి వెళ్లాను. ఆయన క్యాసెట్టును టీవీలో కొంచెం కొంచెంగా ఆపుతూ, ఆపిన ప్రతి బొమ్మనూ ఫొటో తీశారట. వాటిని పక్కపక్కన అంటిస్తే భోజనాల వరుస మొత్తం మూరెడు పొడవున ఒకే ఫొటోగా వచ్చింది.

కొత్తవాళ్ల ముందు నేను నోరు విప్పను. ఆ రోజు మాత్రం, "ఈవిడ మూడు చోట్ల ఉందండీ, తప్పు కదా," అన్నాను.

"నీళ్లు పోసే ఈరమ్మ గదమ్మా. కెమెరా తిరిగిన దిక్కే ఆమె పోయినాది. తీసేద్దునా?"

తల ఊపాను. ఆయన మూడు చోట్లా పక్క ఫొటోల అంచులు ఆమె మీదికి జరిపి అంటించారు. అంతలో ఈరమ్మే గుమ్మంలోకి వచ్చింది. హొళగుంద బస్సు ఎక్కేలోపు తన బొమ్మ చూసుకోవాలట. ఇంతవరకు ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదట.

"నేను యాడుండానన్నా?"

మస్తాన్ గారు నా వైపు చూడలేదు. వరుస చివర గ్లాసు అందిస్తున్న చేతి మీద వేలు పెట్టారు.

"సాల్లే, గాజులు నావే," అని ఆమె నవ్వింది. "నీళ్లిచ్చింది ఈ పాపకే గదా."

గ్లాసు అందుకుంటున్నది నేనే. దాన్నీ కప్పితే నా ముఖం మూసుకుపోతుందని ఆయన ఆ చేతిని మాత్రం వదిలేశారు.

జిగురు ఇంకా తడిగానే ఉంది. మళ్లీ తీసి అంటించమని ఒక్క మాట అంటే చాలు. ఆమె బస్సుకు వెళ్లిపోయేదాకా నేను తల ఎత్తలేదు.