ఉలవల డాక్టరు

టెక్కలిలో రమణమూర్తి గారి ఇంటి గేటుకు ‘డాక్టర్ రమణమూర్తి’ అనే పలక ఉండేది. దాన్ని ఆయనే పెట్టించి, పదకొండు నెలల తరవాత ఆయనే పీకించారు. ఆ పదకొండు నెలల్లో ఆ గేటు తోసుకుని పద్నాలుగు జ్వరాలు, ఒక విరిగిన మణికట్టు, ఈనలేక అవస్థ పడుతున్న ఒక గేదె తాలూకు కబురు వచ్చాయి. తాను మందులిచ్చే డాక్టరును కాననీ, రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న డాక్టరుననీ ఆయన అందరికీ ఓపిగ్గా చెప్పారు. అందరూ అంతే ఓపిగ్గా విని, “అయితే మరి బోర్డెందుకండీ?” అన్నారు. ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రంలో జవాబు లేదు.

ఆయన పరిశోధించింది హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు గింజను. విశాఖపట్నంలో ఆయన గైడు గారు, తనకు ఇంకెవరో అంటగట్టిన ఆ విషయాన్ని, ఒక వానాకాలం మధ్యాహ్నం ఈయనకు అంటగట్టారు. అది మంచు కురిసే దేశాల చెట్టు. దాని చుట్టాలు మన హిమాలయాల్లో ఉన్నాయి గానీ మహేంద్రగిరి దాటి ఇటు దిగిన దాఖలా లేదు. రమణమూర్తి గారు ఆ చెట్టును నేటివరకూ చూడలేదు. గింజలు పార్సిల్లో వచ్చేవి. మొదటి పార్సిల్‌ను విశాఖ తేమ బూజు పట్టించింది. రెండోదాన్ని డిపార్ట్‌మెంటు ఎలుకలు రుచి చూసి, ఎందుకో మళ్ళీ అటు రాలేదు. గింజ పచ్చిగా తింటే విషమని ఆయనకు ప్రయోగపూర్వకంగా తెలియజేసిన తొలి శాస్త్రజ్ఞులు వాళ్ళే.

ఆ గింజలో ఏస్కిన్ అనే పదార్థం ఉంటుంది. గింజలోని విషాన్ని వడగట్టి ఆ సారాన్ని మాత్రలుగా చేస్తే, కాళ్ళలో రక్తనాళాలు ఉబ్బి నీరు పట్టేవాళ్ళకు వాపు, నొప్పి తగ్గుతాయని ఐరోపా వాళ్ళు చాలా పరీక్షలు చేసి చూశారు. పైగా ఏస్కిన్ అనేది ఒక్కటి కాదు, ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల గుంపు. ఆ గుంపులోంచి ఇద్దర్ని విడదీయడానికి రమణమూర్తి గారికి అయిదేళ్ళు పట్టింది. ఉమ్మడి కుటుంబాల సంగతి తెలిసినవాళ్ళెవరూ దీన్ని ఆలస్యమనరు.

పట్టా వచ్చాక ఉద్యోగం కాశీబుగ్గలో, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన పొద్దున్నే టెక్కలిలో బస్సెక్కి, నందిగాం దగ్గర కునుకు తీసి, కాశీబుగ్గలో దిగి, పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి వస్తున్నారు. అక్కడ ఆయన పరిశోధన అర్థం కావడానికి పెద్ద అడ్డంకి ఊరే. కాశీబుగ్గను ఆనుకునే ఉన్న పలాసలో ‘నట్’ అంటే జీడిపప్పు. వేరే అర్థం ఉన్నట్టు ఎవరూ అనుమానించరు. హార్స్ అంటే గుర్రం, చెస్ట్ అంటే ఛాతీ. ఈ మూడింటినీ కలుపుకుని, “గుర్రం ఛాతీ అంత జీడిపప్పా మేష్టారూ? కిలో ఎంతుందండి?” అని ఒక జీడిపప్పు వ్యాపారి చాలా మర్యాదగా అడిగాడు. ఆయన ‘అశ్వబీజం’ అని అనువదించి చూశారు. అది ఇంకేదో మందులా వినిపించి, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఆయన్ని చాటుగా పక్కకు పిలిచారు. చివరికి ‘గుర్రాలకు పెట్టేవారట, అందుకే ఆ పేరు’ అని చెప్పారు. అనగానే అందరి మొహాలూ విచ్చుకున్నాయి.

“అలగ సెప్పండి! ఉలవలు!”

ఆయన కాదన్నారు. మళ్ళీ కాదన్నారు. నాలుగేళ్ళపాటు కాదన్నారు. అయిదో ఏట, ఒక వేసవి సాయంత్రం, విసిగి, “సరేనయ్యా, ఉలవలే అనుకో” అన్నారు. అప్పట్నుంచీ ఆయన ఉలవల డాక్టరు. క్లాసులో పిల్లలడిగినా అదే జవాబు. ఆ జవాబు విన్న పిల్లల్లో బైపీసీ సంతోషి ఒకర్తి.

సంతోషిది వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె. తండ్రి గున్నయ్య వేటకు వెళ్తాడు. తల్లి మంగమ్మ చేపలు ఆటోలో కాశీబుగ్గ తెచ్చి అమ్ముతుంది. సంతోషి ఇప్పుడు ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటుంది.

మొన్న రెండో శనివారం రమణమూర్తి గారు ఇంట్లో కాఫీ తాగుతుండగా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో సంతోషి ఒక ఫొటో పెట్టింది. ఏదో సీసా. కింద, ‘సార్, మీ ఉలవల మాత్రలు మా అమ్మకి బాగా పనిచేస్తున్నాయి. థాంక్యూ సార్’ అని ఉంది. ఆ గ్రూపులో పెళ్ళికయినా చావుకయినా ఆయన సమాధానం ఒక్కటే, బొటనవేలి గుర్తు. అదే నొక్కేశారు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని ఫొటో పెద్దది చేశారు. సీసా మీద ఇంగ్లీషులో హార్స్ చెస్ట్‌నట్ అని ఉంది.

ఆయన భార్య హేమ గారు చూస్తుండగానే కప్పు కింద పెట్టేశారు.

“ఏవయింది?”

“ఈ పిల్ల వాళ్ళమ్మకి ఏస్కిన్ మింగిస్తోంది. ఉలవలనుకుని.”

“ఉలవలని చెప్పిందెవరూ?”

రమణమూర్తి గారు ఫోను బోర్లించబోయారు.

“ఆ బొటనవేలు కూడా మీదేనా?” అన్నారు హేమ గారు ఫోనులోకి తొంగిచూసి.

ఇందులో భయపడేది ఏముందని పై ఊళ్ళవాళ్ళు అనుకోవచ్చు. కాశీబుగ్గ చుట్టూ ఉన్న ఉద్దానంలో అనుకోరు, ఇంటింటా కిడ్నీ జబ్బున్న నేల అది. అక్కడ నలుగురు కలిస్తే యోగక్షేమాల తరవాత అడిగేది పాయింట్లు. పాయింట్లంటే రక్తంలో క్రియాటినిన్ లెక్క. అది ఒకటి దాటి పెరుగుతోందంటే కిడ్నీ పని తగ్గుతోందని. “నీకెన్ని?” “రెండున్నర. మా బావకి ఆరు.” ఏస్కిన్ గురించి రమణమూర్తి గారి థీసిస్ నాలుగో అధ్యాయంలో ఒక పేరా ఉంది. సూదిమందుగా ఎక్కించినప్పుడు కొందరికి కిడ్నీలు దెబ్బతిన్న కేసులున్నాయి, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళు మాత్రలకూ దూరంగా ఉండటం మంచిది అని. ఆ పేరా ఆయన రాశారు, గైడు చదివారు. అంతే, ప్రపంచంలో మూడో మనిషి చదవలేదు.

సంతోషికి ఫోన్ చేస్తే స్విచాఫ్. అప్పటికే పనిలోకి వెళ్ళిపోయింది, ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. మంగమ్మకు ఫోన్ లేదు. గ్రూపులో ‘మాత్రలు ఆపండి’ అని రాశారు గానీ, సాయంత్రం దాకా సంతోషి దాన్ని చూడదు. ఆయన చొక్కా వేసుకుని, పోపుల డబ్బా పక్కనున్న గుప్పెడు ఉలవలు పొట్లం కట్టుకుని బస్సెక్కారు. కాశీబుగ్గలో ఆటో మాట్లాడారు.

“మంగమ్మంటే ఏ మంగమ్మండీ? సేపల మంగమ్మా, కాళ్ళ మంగమ్మా?” అన్నాడు ఆటో అబ్బాయి.

“ఇద్దరూ వేరా?”

“ఒక్కర్తేనండి. పొద్దుట సేపల మంగమ్మ, సందేళకి కాళ్ళ మంగమ్మ.”

మంగమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వలలోంచి నాచు ఏరుతోంది. ఆ వేళ వేట లేదు. గున్నయ్య ఊరి పక్క వాగులో, వాళ్ళ మాటలో గెడ్డలో, పట్టిన పరిగె చేపలు బకెట్లో తెచ్చి కూర కోసం దించాడు. బతికున్నవే, నీళ్ళలో ఎగిరెగిరి పడుతున్నాయి. మేష్టారు తన పేరు చెప్పగానే ఇద్దరూ లేచారు.

“సంతోసి మేష్టారా! ఎండన పడి ఇలగొచ్చారేటి బాబూ? మా గుంటేటయినా తప్పు సేసిందా?”

“తను కాదు మంగమ్మా, నేనే. ఆ మాత్రలేవీ?”

మంగమ్మ సంబరంగా సీసా తెచ్చింది. కొడుకు యువరాజు పడమటి తీరాన వీరావల్‌లో బోట్ల మీద పనిచేస్తూ, తల్లి కాళ్ళ కోసం ఆన్‌లైన్లో వెతికి పంపాడు. సీసా మీద పూటకొకటి అని ఉంది. మంగమ్మ పూటకు రెండేస్తోంది.

“రెండెందుకూ?”

“ఉలవలే కదేటండీ. ఉలవలెవులైనా రెండు గింజలు తింతారా?”

“నీకు పాయింట్లెన్ని?”

మంగమ్మ పక్కకు చూసింది. గున్నయ్య చెప్పాడు. “పోయిన్నెల క్యాంపులో ఒకటీ పాయింటు ఎనిమిదన్నారండి. అది ఎవులికీ సెప్పదు.”

“ఈ మాత్రలు ఆపెయ్యాలి మంగమ్మా. ఇవాళే.”

అప్పుడు మంగమ్మ చీర కుచ్చిళ్ళు జానెడెత్తి పాదాలు చూపించింది. పిక్కల మీద నీలంగా నరాలు ఇంకా మెలికలు తిరిగే ఉన్నాయి గానీ, చీలమండ దగ్గర వాపు లేదు. ఎముక కనిపిస్తోంది.

“సూడండి బాబూ. ఏడేళ్ళయి నా సీలమండ నాను సూళ్ళేదు. పదేను రోజులు ఏసినాను. మొన్న బజార్లో పొద్దుట్నుంచి మజ్జాన్నం దాకా నిలబడ్డాను. ఇదొగ్గీమంటే మరి నాను కూకుని సేపలమ్మాలా?”

రమణమూర్తి గారు ఆ చీలమండను వంగి చూశారు. తన జీవితకాలపు పరిశోధన నిజంగా పనిచేయడం ఆయన మొదటిసారి చూస్తున్నారు. ఆపమని చెప్పవలసిందీ తనే. ఇలాంటి ఘడియలో ఏ శాస్త్రజ్ఞుడైనా ఏదో ఒక గంభీరమైన మాట అనాలి. ఆయన “కొంచెం మంచినీళ్ళిస్తావా” అన్నారు.

నీళ్ళు తాగి, “ఇవి ఉలవలు కావు మంగమ్మా. నేను విసుగెత్తి ఉలవలన్నాను. అబద్ధం” అన్నారు.

“మేష్టార్లు అబద్దమాడతారేటండి,” అంది మంగమ్మ, ఇక ఆ సంగతి తేలిపోయినట్టు. “మీరిప్పుడు బయపడి అంతన్నారు.”

గున్నయ్య నవ్వాడు. “అదంతే మేష్టారూ. ఓపాలి నమ్మితే సంద్రం ఎనక్కెళ్ళినా అది ఎల్దు.”

ఇక మాటలతో పని జరగదని ఆయనకు తెలిసింది. మూడు గిన్నెలడిగారు. మూడింట్లోనూ గెడ్డ నీళ్ళే సమానంగా పోయించి, ఒక్కోదాంట్లో నాలుగేసి పరిగెలు వేయించారు. మొదటి గిన్నెలో ఏమీ వేయలేదు. రెండోదాంట్లో తాను తెచ్చిన ఉలవలు దంపించి వేశారు. మూడోదాంట్లో మంగమ్మ ఒక పూటకు మింగే రెండు క్యాప్సూల్స్ విప్పి, పొడి కలిపారు.

“ఆ మొదటిదెందుకండీ?” అన్నాడు గున్నయ్య.

“అది కంట్రోల్. ఏమీ వేయనిది.”

“ఏటీ ఎయ్యని గిన్నెనేటి సూత్తామండి?”

“ఏమీ వేయకపోయినా చేపలు చస్తున్నాయేమోనని.”

గున్నయ్య ఆలోచించాడు. “మా పెసిడెంటుగోరి పాలన లాగన్నమాట” అని ఒప్పుకున్నాడు.

మూడో గిన్నె నీళ్ళ మీద కాసేపటికి సబ్బు నురగలాంటిది తేలింది. మంగమ్మ నాచు ఏరడం మానేసింది. అరగంటకు ఆ గిన్నెలో పరిగెలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. గంటకు ఒకటి వెల్లకిలా తిరిగింది. ఆ వెనక రెండోది. ఉలవల గిన్నెలో చేపలు మసక నీళ్ళలో మామూలుగా తిరుగుతున్నాయి. ఏమీ వేయని గిన్నెలోవి ఏమీ జరగనట్టే ఉన్నాయి.

మంగమ్మ వంగి, వెల్లకిలా పడ్డ చేపను వేలితో కదిపింది. మొప్ప ఎత్తి చూసింది. ముప్పయ్యేళ్ళుగా చేప మొహం చూసి అది ఎప్పుడు చచ్చిందో, ఎందుకు చచ్చిందో చెప్పగల మనిషి.

“ఊపిరాడక సచ్చింది” అంది.

“అవును. ఆ మందు చేప మొప్పల్ని పాడుచేస్తుంది. కానీ మంగమ్మా, విను. నీకు మొప్పల్లేవు. చేప చచ్చిందని మనిషి చావడు. దీన్నిబట్టి నీ కిడ్నీ పాడవుతుందని రుజువు కాదు. ఇవి ఉలవలు కావని మాత్రమే రుజువు. కిడ్నీ సంగతి నేను పుస్తకాల్లో చదివింది. పాడవుతుందని కాదు, పాడవచ్చని. నీకున్న ఒకటీ ఎనిమిదితో ఆ ‘అవచ్చు’ మనకొద్దు.”

ఇది నిజాయితీగల శాస్త్రవచనం. దీన్ని విన్నాక మామూలుగా ఎవరూ మందు మానరు. గున్నయ్య కూడా అయోమయంగా చూశాడు.

మంగమ్మ మాత్రం సీసా మూత బిగించింది. “సంపుతాదంటే నాను నమ్మనుగాని బాబూ, మీరు సంపుతాదో లేదో తెలవదంతన్నారు. అలగన్నోలు అబద్దమాడరు.” సీసా ఆయన చేతికిచ్చేసి, “కాళ్ళ మాటేటి మరి?” అంది.

అది మందులిచ్చే డాక్టర్ని అడుగుదామన్నారు ఆయన. సోమవారం కాలేజీకి సెలవు పెట్టి, సంతోషినీ మంగమ్మనూ వెంటబెట్టుకుని పలాసలో ఆసుపత్రికి వెళ్ళారు. ఓపీ దగ్గర ‘డాక్టర్ గారండీ’ అని సంతోషి పరిచయం చేయబోతే, వద్దని చేత్తో ఆపారు. మంగమ్మకు రక్తపరీక్ష చేశారు. ఒకటీ తొమ్మిది వచ్చింది. ఆ పెరిగిన ఒక పిసరు మాత్రల వల్లో, ఎండ వల్లో, మిషను వల్లో చెప్పలేమని డాక్టరమ్మ అంది. మంచి పని చేశారు ఆపేసి, నెల తరవాత మళ్ళీ చూద్దాం, కాళ్ళకు మోకాలి దాకా బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి, బజార్లో గంటకోసారి కూర్చోవాలి, ఇంట్లో కాళ్ళు ఎత్తులో పెట్టుకోవాలి అంది. సీసా అటూ ఇటూ తిప్పి చూసి, మంగమ్మ కాగితం మీద ఆ మందు పేరు రాసి, పక్కన ‘వద్దు’ అని రాసింది.

“ఇది కిడ్నీ జబ్బున్నవాళ్ళు వాడకూడదని మీకెవరు చెప్పారమ్మా? ఇక్కడ దీని పేరు విన్నవాళ్ళే తక్కువ.”

మంగమ్మ తల తిప్పి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డ రమణమూర్తి గారిని చూపించింది.

“ఈ బాబేనండి. ఈ మందు వద్దని సెప్పడానికే అయిదేళ్ళు సదివారంట.”

రమణమూర్తి గారు సరిదిద్దడానికి నోరు తెరిచారు. పరిశోధన వేరు, దాని ఉద్దేశం వేరు అని మొదలుపెట్టవలసిన వాక్యం అది. ఈలోగా నర్సు తరవాతి పేషెంటును పిలిచింది. ఆయన వాక్యం మానేసి, మేజోళ్ళు ఏ షాపులో దొరుకుతాయో కనుక్కోవడానికి బయటికి నడిచారు.