అగ్గిపెట్టె ఇల్లు

ఒరేయ్ కొవ్వూరు బడి బ్యాచ్, నిన్న పాత టేప్ రికార్డరు విప్పితే చిన్న మోటారు బయటపడింది. మన సైన్సు మేడం గుర్తొచ్చారా?

ఏడో తరగతిలో, మన బుర్రలకి ఎక్కదని తెలిసినా, బెంచీ మీద బంకమట్టితో డ్యామ్ కట్టారు. నీళ్ళు గొట్టంలోంచి చక్రం మీద పడితే తిరిగి కరెంటు పుట్టేలా ఇలాంటి మోటారే పెట్టి, ఎర్ర బల్బు తగిలించారు. డ్యామ్‌కి దిగువన ఊళ్ళకోసం మనం ఇళ్ళలా అగ్గిపెట్టెలు పేర్చాం. పాపికొండల అవతల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సోమయ్య మాత్రం తన పెట్టెను డ్యామ్ వెనకాల, నీళ్ళు నిలిచే వైపు పెట్టాడు. అప్పటికే గోదారికి పెద్ద డ్యామ్ కడతారని అందరూ అనుకునేవారు.

"ఇటు పెట్టరా, కరెంటొద్దా మీకు?" అన్నాను.

"మా ఇల్లు అటే ఉంది."

"అయితే మీ ఇంట్లో చేపలకి ఫ్యాను కొనాల్రోయ్!"

అందరూ నవ్వారు. మేడం నీళ్ళు పోశారు. బల్బు వెలిగింది. మనం చప్పట్లు కొడుతుంటే వాడి అగ్గిపెట్టె తడిసి, లేచి, తేలింది.

"మరి మేం ఎటెళ్ళాలండీ?" అని వాడు మేడంని అడిగాడు.

ఆవిడ చేత్తో మట్టి డ్యామ్‌ని తెంచేశారు. బల్బు ఆరిపోయింది.

ఆ ఏడాదే నేను బడి మానేశాను. వాడు ఎటెళ్ళాడో మీకెవరికైనా తెలుసా?

నిన్న ఆ మోటారుకి బల్బు తగిలించి వేలితో తిప్పాను. వెలిగింది. చటుక్కున చెయ్యి తీసేశాను.